లిథువేనియాలో పెద్దవాళ్లతో తిరగడానికి ఏవి బాగుంటాయి? సెప్టెంబర్ ట్రిప్

వార్సా_తెలుగు అడిగారు:

మేము వార్సాలో ఉంటున్నాం. సెప్టెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్లని తీసుకుని లిథువేనియా వెళ్దామని ప్లాన్. సెలవు వారం లోపే. విల్నియస్, రీగా, టాలిన్, మూడు దేశాల రాజధానులూ ఒకే ఊపులో చుట్టేయమని చాలామంది చెప్తున్నారు గానీ మాకు ఒక్క దేశమే తీరిగ్గా చూడాలని ఉంది. నాన్నకి చరిత్ర అంటే ప్రాణం, ఎక్కడ ఏం రాసి ఉన్నా నిలబడి మొత్తం చదివితే గానీ కదలరు. అమ్మకి నీళ్లు, చెట్లు ఉంటే చాలు, కాకపోతే మోకాళ్ల నొప్పి, మెట్లెక్కడం కష్టం. విల్నియస్, ట్రకాయ్ ఎలాగూ చూస్తాం. ఇంకా ఎక్కడికి వెళ్లాలి, కారు తీసుకోవాలా, రైళ్లతో అయిపోతుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నెరిస్_ఒడ్డున:

ఒక్క దేశమే అనుకోవడం చాలా మంచిదండి. పెద్దవాళ్లతో రోజుకో ఊళ్లో పెట్టెలు సర్దుకుంటూ తిరిగితే చివరికి బస్టాండ్లే గుర్తుంటాయి.

విల్నియస్ పాత నగరం 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను మీ నాన్నగారి కోసం రెండే చెప్తాను. ఒకటి, సోవియట్ రహస్య పోలీసులైన కేజీబీ పాత భవనం. ఇప్పుడది మ్యూజియం, కింద జైలు గదులు అలాగే ఉంచారు. లోపలికి వెళ్లకముందే బయట గోడ అడుగున ఉన్న రాళ్లు చూడండి, అక్కడ చంపబడ్డవాళ్ల పేర్లు వరసగా చెక్కి ఉంటాయి. రెండోది, కెథడ్రల్ స్క్వేర్. 1989 ఆగస్టు 23న లిథువేనియా, లాత్వియా, ఎస్టోనియా జనం సోవియట్ పాలన వద్దంటూ ఇక్కడి నుంచి టాలిన్ దాకా 600 కిలోమీటర్లకు పైగా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు కదా, దాని గుర్తుగా నేలలో ఒక పలక ఉంది. పక్కనే ఉన్న గెదిమినస్ బురుజుకి నడిచెక్కే దారి గుండ్రాళ్లు పరిచింది, అమ్మగారి మోకాళ్లకి మంచిది కాదు.

ట్రకాయ్‌కి రైలు అరగంట ప్రయాణం, కానీ స్టేషన్ నుంచి కోట దగ్గర కాదు, టాక్సీ మాట్లాడుకోండి. గాల్వె సరస్సు మధ్య దీవిలో కోట, చెక్క వంతెన మీదుగా వెళ్లాలి. లిథువేనియాను ఏలిన గ్రాండ్ డ్యూక్ వితౌతస్ 1430లో చనిపోయింది ట్రకాయ్‌లోనే. 17వ శతాబ్దం యుద్ధాల్లో కోట పాడైపోయింది, ఇప్పుడు మనకు కనిపించే ఎర్ర ఇటుకలో చాలా భాగం 20వ శతాబ్దంలో తిరిగి కట్టిందే. గోడల అడుగున పాత బండరాళ్లు, పైన ఇటుక, కాస్త ఆగి చూస్తే తేడా తెలుస్తుంది. ఊళ్లో కరాయిమ్‌లు అనే చిన్న సమాజం వాళ్ల చెక్క ఇళ్లు మాత్రం వదలొద్దు. వితౌతస్ క్రిమియా వైపు నుంచి తీసుకొచ్చి ఇక్కడ స్థిరపరిచిన వాళ్ల వారసులు వీళ్లు. ఇళ్లన్నిటికీ వీధి వైపు మూడు కిటికీలు. వాళ్ల కిబినై తినండి, అర్ధచంద్రాకారంలో, అంచులు మెలిపెట్టి కాలుస్తారు, లోపల మటన్. మాంసం లేనివి కూడా దొరుకుతాయి.

ఇసుకదారి:

అమ్మగారి కోసమైతే నా ఓటు కురోనియన్ స్పిట్‌కే, అదీ అక్కడి నిడా ఊళ్లో కనీసం రెండు రాత్రులు ఉంటేనే. చాలామంది ఇవతలి ఒడ్డున ఉన్న క్లయిపెడా నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తారు, అలా అయితే సగం టైమ్ దారిలోనే పోతుంది.

ఒకవైపు బాల్టిక్ సముద్రం, ఇంకోవైపు మడుగు, మధ్యలో 98 కిలోమీటర్ల పొడవున సన్నటి ఇసుక నేల. సగం లిథువేనియాది, మిగతాది రష్యాది. ఒకప్పుడు అడవి నరికేయడంతో ఇసుక కదలడం మొదలై ఊళ్లకు ఊళ్లే పూడిపోయాయి, తర్వాత 19వ శతాబ్దంలో పట్టుబట్టి పైన్ చెట్లు నాటి ఆపారు. ఇప్పుడు మనం చూసే అడవి అలా మనుషులు పెంచింది. నాకు ఆ దేశంలో అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఇదే, ఏ కోటా దీని ముందు నిలవదు. నిడా పక్కన పర్నిడిస్ దిబ్బ పై దాకా రోడ్డు ఉంది కాబట్టి మెట్ల గొడవ లేదు. యువోద్‌క్రాంతె దగ్గర కొంగలు, నీటికాకులు గూళ్లు కట్టే చోటు ఉంది, వాటి రెట్టల వల్ల చెట్లు ఎండిపోయి తెల్లగా మోడుల్లా నిలబడి ఉంటాయి. సెప్టెంబర్‌కి చాలా పక్షులు వెళ్లిపోతాయి, చెట్లు మాత్రం చూడొచ్చు.

దారి తప్పి దిబ్బల మీద నడవొద్దు, ఇసుక జారిపోతుందని నిషేధించారు. గాలికి స్వెటర్ తప్పనిసరి.

పాతరాళ్లు:

ఇసుకదారి గారితో నేను ఒప్పుకోను. చరిత్ర ఇష్టపడే మనిషిని కౌనస్ చూపించకుండా ఎలా పంపిస్తారు? రెండు ప్రపంచ యుద్ధాల మధ్య విల్నియస్ పోలండ్ చేతిలో ఉన్నప్పుడు దేశం నడిచింది కౌనస్ నుంచే. అప్పుడు గబగబా కట్టిన ఆఫీసులు, ఇళ్లు, చర్చిలకే 2023లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఊరి బయట తొమ్మిదో కోట ఉంది, నాజీలు వేలమంది యూదులను కాల్చి చంపిన చోటు. ఒక్క 1941 అక్టోబర్ 29నే 9 వేల మందికి పైగా. ఆ రోజు ఇంకేమీ పెట్టుకోకండి, మనసు నిలవదు.

కెర్నవె కూడా చూడండి. కోటలేవీ లేవు, నెరిస్ నది ఒడ్డున గడ్డి పరుచుకున్న ఐదు మట్టి గుట్టలు, అంతే. కానీ మధ్యయుగంలో ఈ రాజ్యానికి ముఖ్య పట్టణం అదే.

వార్సా_తెలుగు:

అందరికీ థ్యాంక్స్. నిడా, కౌనస్ రెండూ పెట్టుకోవచ్చా? శిలువల గుట్ట దారిలో పడుతుందా?

ఇసుకదారి:

కారైతే రెండూ కుదురుతాయి. వార్సా నుంచి రైల్లో వస్తే పట్టాల వెడల్పు వేరు కాబట్టి లిథువేనియా సరిహద్దు దగ్గర మొత్స్కావాలో బండి మారాలి, కారు విల్నియస్‌లో తీసుకోండి. ముందు ట్రకాయ్, తర్వాత కౌనస్‌లో ఒక రాత్రి, అక్కడి నుంచి క్లయిపెడా. అక్కడి నుంచి స్పిట్‌కి దాటించే ఫెర్రీలు రెండు రకాలు, కారుకి న్యూ ఫెర్రీ, పాతది మనుషులకీ సైకిళ్లకే, చాలామంది తప్పు రేవుకి వెళ్లి తిరిగొస్తారు. అవతల కారుకి ఎంట్రీ ఫీజు కట్టాలి, వేసవి రద్దీ దాటాక తక్కువే.

శిలువల గుట్ట షౌలియై అనే ఊరి నుంచి 12 కిలోమీటర్లు, నిడా నుంచి తిరిగొచ్చేటప్పుడు కొంచెం చుట్టు తిరిగి చూడండి. సోవియట్ వాళ్లు అక్కడి శిలువల్ని 1961లో బుల్డోజర్లతో నేలమట్టం చేశారు, జనం రాత్రిళ్లు మళ్లీ తెచ్చి పాతారు. చిన్న గుట్టే, మెట్లు కొన్నే. పెద్ద శిలువలకు చిన్నవి, వాటికి జపమాలలు వేలాడుతుంటాయి, గాలికి అవన్నీ గలగలమంటాయి. అమ్మగారు పైకి వెళ్లకపోయినా కింద నుంచే బాగా కనిపిస్తుంది. కెర్నవె మాత్రం ఈసారికి వదిలేయండి, అక్కడ గుట్టల పైకి ఎక్కాలంటే మెట్లే మెట్లు.