వాండా డుబియెన్‌స్కానా, వాందా దుబ్యెన్‌స్కానా?

ప్రశ్న: ఒలింపిక్స్‌లో కత్తి పట్టిన తొలి పోలండ్ మహిళ గురించి పిల్లల పత్రికకు చిన్న వ్యాసం రాస్తున్నానండి. ఇంగ్లిషు స్పెల్లింగ్ చూసి "వాండా డుబియెన్‌స్కా" అని రాసుకున్నాను. సరేనా? ఆటను ఫెన్సింగ్ అని ఉంచెయ్యనా, కత్తియుద్ధం అననా?

జవాబు: మంచి మనిషిని ఎంచుకున్నారండి. ఆవిడ పేరు తెలుగులో సరిగ్గా రావాలని నాకూ గట్టిగా ఉంది.

ముందు డ సంగతి. ఏ దేశం పేరైనా ఇంగ్లిషువాళ్ల నోటి మీదుగా తెచ్చుకోవడం మనకు అలవాటైపోయింది. విదేశీ పేరు కనబడగానే చెయ్యి ట, డ మీదికే పోతుంది. పోలిష్‌లో ఆ ధ్వనులు అలా ఉండవు. నాలుక పళ్లకు తాకించి, మన త, ద లాగే పలుకుతారు. అందుకని వాండా కాదు, వాందా. డుబి కాదు, దుబ్యె. దీర్ఘం మాత్రం తియ్యకండి, పొరపాటున "వంద" అయిందంటే పిల్లలు నూరు అనుకుంటారు.

ఆ ఇంటిపేరులో అసలు కష్టం మధ్యలో ఉన్న న. పోలిష్‌లో ఆ అక్షరం మీద చిన్న గీత ఉంటుంది, దాని పలుకు దాదాపు మన ఞ. ఇక్కడ సున్న పెట్టకూడదు. స ముందు సున్నను మనం హంసలో లాగా మకారంతో పలుకుతాం కాబట్టి "దుబ్యెంస్కా" అని రాస్తే చదివేవాళ్లు "దుబ్యెమ్‌స్కా" అంటారు. చివరి "స్కా" స్త్రీలకు వచ్చే రూపం. అదే ఇంటి మగవారైతే దుబ్యెన్‌స్కి అవుతారు. ఇంగ్లిషు పత్రికల్లో ఒక్కోసారి ఆడవాళ్లకు కూడా "స్కి" తగిలిస్తుంటారు. అది చూసి మీరు రాయకండి.

ఇక మనిషి సంగతి. 1895లో ఆవిడ పుట్టేనాటికి పోలండ్ అన్న రాజ్యమే పటంలో లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ఆ నేలను ఎప్పుడో పంచేసుకున్నాయి. ఆవిడ ఊరు క్రాకుఫ్. మనవాళ్లు క్రాకో అంటారే, అదే. అప్పట్లో అది ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1918లో దేశం మళ్లీ లేచింది. 1920లో రష్యన్ బోల్షెవిక్‌లతో యుద్ధం వల్ల ఆటలకు వెళ్లలేకపోయింది. అలా 1924 నాటి పారిస్ పోలండ్‌కు తొలి వేసవి ఒలింపిక్స్ అయింది. ఆ జట్టులో ఉన్న ఒకే ఒక్క స్త్రీ వాందా. మీ వ్యాసానికి గుండె ఈ వాక్యమేనని నాకనిపిస్తోంది.

ఆ ఏడాదే ఇంకో సంగతి కూడా కలిసొచ్చింది. మగవాళ్లకు 1896 నుంచీ ఉన్న కత్తిపోటీ, ఆడవాళ్లకు తెరిచింది 1924లోనే. అదీ ఒక్క రకం కత్తికే. స్వర్ణం డెన్మార్క్‌కు చెందిన ఎలెన్ ఒసియర్‌కు దక్కింది. వాందాకు పతకం రాలేదు. దాన్ని దాచకండి, దాని గురించి జాలి పడుతూనూ రాయకండి. అప్పుడు కరెంటు దీపం వెలిగి పోటు తగిలిందని చెప్పే ఏర్పాటు లేదు, న్యాయనిర్ణేతలు కళ్లతో చూసి చెప్పాల్సిందే. ఆవిడ టెన్నిస్‌లో పోలండ్ ఛాంపియన్ కూడా, స్కీయింగ్ కూడా చేసేవారు. 1968లో కన్నుమూశారు.

ఆట పేరుకు వస్తే, "ఫెన్సింగ్" అంటే మన పల్లెల్లో పొలం చుట్టూ వేసే ముళ్లకంచె. రెండూ రక్షణ అన్న అర్థం నుంచే వచ్చాయి గానీ పిల్లలకు ఆ గొడవ ఎందుకు? కత్తియుద్ధం అంటే ప్రాణాలు తీసే వ్యవహారం. కర్రసాము ఉన్న భాషకు కత్తిసాము కొత్త కాదు. సాములో అభ్యాసం ఉంది, నియమం ఉంది. మొదటిసారి "కత్తిసాము, అంటే ఫెన్సింగ్" అని చెప్పి, ఆ తర్వాత కత్తిసాము అనే రాసుకుంటూ వెళ్లండి.

ఆవిడ పట్టిన కత్తిని ఇంగ్లిషులో ఫాయిల్ అంటారు. మనకు వెంటనే అన్నం పొట్లం చుట్టే వెండిరంగు కాగితం గుర్తొస్తుంది. పోలిష్‌లో అది "ఫ్లోరెట్", ఫ్రెంచి నుంచి వచ్చిన మాట, మూలంలో చిన్న పువ్వు. గుచ్చుకోకుండా కొసకు పెట్టే బొడిపె మొగ్గలా ఉంటుందని ఆ పేరు. ఫ్లోరెట్ అనే రాయమంటాను. ఈ కత్తితో మొండెం మీద తగిలిన పోటుకే పాయింటు.

మరొకరి మాట: ఞ అంటూ మొదలుపెడితే పేపర్లలో ఎవరు రాస్తారండీ? చదివేవాళ్లకు కూడా టెన్షన్ కదా.

జవాబు: నిజమేనండి, అందుకే నేను పైన న్ తోనే రాశాను. దుబ్యెఞ్స్కా అని నిఘంటువులో, విజ్ఞానసర్వస్వంలో ఉండాలి. పిల్లల పత్రికకు దుబ్యెన్‌స్కా చాలు. నోరు తిరిగేదాన్ని రాద్దాం, కానీ ద ను డ చేయొద్దు. అది మనకు నోరు తిరగనిది కాదు గదా! అవసరం లేకుండా పేరు పాడు చేసినట్టవుతుంది.

అదే ప్రశ్న అడిగినవారు: తర్వాతి తరం వాళ్ల పేర్లు కూడా ఇవ్వాలనుంది. ఎలా రాయాలి?

జవాబు: 2000 సిడ్నీలో జట్టు రజతం, 2004 ఏథెన్స్‌లో వ్యక్తిగత కాంస్యం గెలిచినావిడ సిల్వియా గ్రుహావా. ఇంగ్లిషులో "గ్రుచాలా" అని కనబడుతుంది, మోసపోకండి. అడ్డగీత ఉన్న ఎల్ అక్షరం పోలిష్‌లో వ. సిల్వియాలో ఉన్నదీ మనకు వ నే. వాళ్లకు రెండు వేరు ధ్వనులు, మన లిపిలో ఒకటే పడుతుంది, తప్పదు.

వాందా ఆడిన వందేళ్లకు, 2024లో, అదే పారిస్‌లో పోలండ్ మహిళల ఎపే (కత్తిసాములో ఇంకో రకం కత్తి) జట్టు చైనాను 32-31తో ఓడించి కాంస్యం తెచ్చుకుంది. ఎపేలో ఒళ్లంతా లక్ష్యమే. ఆ నలుగురి పేర్లు ఇలా రాయండి: అలెక్సాంద్రా యారెత్స్కా, రెనాతా క్నాపిక్-మియాజ్గా, అలిత్స్యా క్లాశిక్, మార్తినా స్వాతోఫ్‌స్కా-వెంగ్లార్చిక్. క్లాశిక్‌లో శ ను స చేయకండి, వాళ్ల పలుకు అచ్చంగా మన శ కే దగ్గర. మియాజ్గాను "మ్యాజ్గా" అని రాస్తే మనవాళ్లు మ్యాచ్‌లో లాగా పలుకుతారు, అందుకే యా విడిగా పెట్టాను.