బుగ్గ మీద మెలనోమా, లోతు 0.9 మిల్లీమీటర్లు: మెడ బిళ్ళ పరీక్ష చేయించాలా, వద్దా?

కావలి తమ్ముడు:
మా అమ్మకు 61 ఏళ్ళు. ఇసకపల్లి ఉప్పు మళ్ళలో ఎండకు ఎండి మమ్మల్ని పెంచింది. ఎడమ బుగ్గ మీద, కంటికి రెండు వేళ్ళ కింద మినపగింజంత నల్ల మచ్చ ఉండేది. పుట్టుమచ్చే, అదృష్టం అనుకున్నాం. ఏడాదిలో చింతగింజంత అయింది. ఒక అంచు గోధుమరంగు, ఇంకో అంచు బూడిదరంగు. నెల్లూరులో డాక్టరుగారు మచ్చ మొత్తం తీసి బయాప్సీకి పంపారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ అని తేలింది. లోతు 0.9 మిల్లీమీటర్లు, పుండు పడలేదు, పక్క చర్మంలో పిల్ల మచ్చలు లేవు. చెన్నైలో చూపిస్తే, చుట్టూ ఇంకో సెంటీమీటరు తీయాలన్నారు. అదే ఆపరేషన్‌లో, మెడలోని లింఫ్ గ్రంథికి పాకిందేమో చూసే మెడ బిళ్ళ పరీక్ష కూడా చేయొచ్చు, మీరే ఆలోచించుకోండి అన్నారు. అన్నయ్య రెండూ వద్దంటున్నాడు. పోయిన మచ్చ మీద మళ్ళీ కత్తి పెడితే పాకుతుందట. రెండు వారాలుగా ఇంట్లో ఇదే గొడవ.

పొదలకూరు రైతు:
మీ అన్న మాటే వినండి. మా ఊళ్ళో ఒకాయన దవడ మీద మచ్చ తీయించుకున్నాడు. ఏడాది తిరక్కుండా మెడలో బిళ్ళలు కట్టాయి. ముట్టుకోకుండా ఉంటే బతికేవాడు.

ఒంగోలు అక్క:
రైతన్నా, నేను సర్జరీ వార్డులో 26 ఏళ్ళు నర్సుగా చేశాను. ఒక్క మాట చెప్పండి, ఆయన మచ్చ ముక్కను బయాప్సీకి పంపారా? మా వార్డుకు అలాంటివాళ్ళు వచ్చేవాళ్ళు. ఎక్కడో పైపైన గీకించుకునో, సున్నం, సోడా కలిపి పెట్టి కాల్చుకునో వచ్చేవాళ్ళు. ముక్క ఉండదు, రిపోర్టు ఉండదు, లోతు ఎంతో ఎవరికీ తెలియదు. బిళ్ళలు కట్టాక కత్తి మీద నింద వేస్తాం. బయాప్సీ వల్ల మెలనోమా పాకదు తమ్ముడూ. అది చర్మంలో లోతుకు దిగితే అక్కడ సన్నటి లింఫ్ నాళాలు ఉంటాయి, వాటిలో పడి పోతుంది. కొన్ని కణాలు దారిలోనే, మచ్చ పక్కనే ఆగి పిల్ల మచ్చలవుతాయి. రెండు సెంటీమీటర్ల లోపల ఉన్నా సరే, అవి కనిపిస్తే బిళ్ళలు బాగున్నా మూడో స్టేజీ కిందే లెక్క. అమ్మకు అవి లేవన్నారంటే అంతకన్నా మంచి మాట లేదు. చుట్టూ సెంటీమీటరు తీయడం ఇంకేమైనా మిగిలిందేమోనని. ఆ కోతను మాత్రం వదలొద్దు.

గూడూరు పీజీ:
అక్క చెప్పిన కోత విషయంలో నాదీ అదే మాట. మిల్లీమీటరు లోపు లోతుకు సెంటీమీటరు కోత ఉండాలి. కంటి దగ్గర కాబట్టి కింది రెప్ప కిందికి లాగకుండా బుగ్గ చర్మాన్నే జరిపి కప్పుతారు. బిళ్ళ పరీక్ష మాత్రం నేనైతే వద్దంటాను. 0.8 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉన్నవాళ్ళలో బిళ్ళలో కణాలు దొరికేది నూటికి 5 నుంచి 10 మందికే. 2014లో వచ్చిన పెద్ద పరిశోధన ఫలితాల్లో, మొత్తం మీద చూస్తే ఈ బిళ్ళ పరీక్ష చేసినందువల్ల మెలనోమా మరణాలు తగ్గలేదు. పైగా బుగ్గ నుంచి వెళ్ళే మొదటి బిళ్ళ చాలాసార్లు చెవి ముందు లాలాజల గ్రంథిలో ఉంటుంది. ముఖాన్ని కదిలించే నరం అందులోంచే పోతుంది. కొన్ని నెలలకోసారి మెడ అల్ట్రాసౌండ్ చూసుకుంటూ ఉండొచ్చు.

ఒంగోలు అక్క:
లెక్క సరే నాయనా, కానీ అల్ట్రాసౌండ్‌కు బిళ్ళ కాస్త పెరిగితేగానీ తెలియదు. బిళ్ళ పరీక్ష అలా కాదు. మచ్చ ఉన్న చోట నీలం రంగు, కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కిస్తే అవి ముందుగా చేరిన బిళ్ళను తీసి, కోసి చూస్తారు. బుగ్గ చర్మం ఒకసారి జరిపాక ఆ దారులు మారిపోతాయి, తర్వాత చేద్దామన్నా నమ్మకంగా తేలదు. అందుకే ఒకే ఆపరేషన్‌లో అంటారు. కణాలు దొరికినా ఇప్పుడు మెడలో బిళ్ళలన్నీ ఊడ్చేయరు. 2017లో వచ్చిన ఇంకో పరిశోధన ఫలితాల తర్వాత ఆ పద్ధతి బాగా తగ్గింది. ఇంకొకటి. ఇసకపల్లి మనిషి, ఏ నొప్పీ లేకుండా, ప్రతి నాలుగు నెలలకూ ఒక రోజు కూలి వదులుకుని మెడ స్కాన్‌కు వెళ్తుందా? మొదటి రెండుసార్లు వెళ్తుంది. తర్వాత కోతల కాలం, పెళ్ళిళ్ళు. ఇలా మధ్యలో మానేసి ఏడాది తర్వాత వచ్చినవాళ్ళను చూశాను. అందుకే చేయించమంటున్నాను.

గూడూరు పీజీ:
అది నేను ఆలోచించలేదక్కా. స్కాన్‌కు ఎవరు తీసుకెళ్తారో ముందే తేల్చుకోగలిగితే నా మాట, లేకపోతే మీ మాట.

కావలి తమ్ముడు:
ఇదంతా నిన్న రాత్రి అన్నయ్యకు చదివి వినిపించాను. కోతకు ఒప్పుకున్నాడు. స్కాన్‌కు నేను తీసుకెళ్తానంటే, నువ్వు ఉండేది బెంగళూరు కదరా అన్నాడు. నిజమే. అమ్మ పక్కనే మంచం మీద కూర్చుని వింటోంది. బుగ్గ మీద కుట్ల దగ్గర వేలితో తడుముకుంటూ, "బిళ్ళ తీస్తే మూతి వంకర పోతుందా?" అని అడిగింది. ఈ రెండు వారాల్లో ఆమెను అడిగింది ఎవరూ లేరు. మంగళవారం మళ్ళీ చెన్నై వెళ్తున్నాం. ఆ ప్రశ్న ఆమే అడుగుతానంది.