రాటన్ బరోలు లేకపోతే బర్క్ లాంటివాళ్లు పార్లమెంటులో నిలిచేవాళ్లా?

పాతసంచిక:
1832కి ముందు ఇంగ్లండులో జనం ఖాళీ చేసి పోయిన ఊళ్లకి కూడా ఇద్దరేసి ఎంపీలుండేవారు. వాటినే రాటన్ బరోలు, అంటే కుళ్లిపోయిన నియోజకవర్గాలు, అనేవారు. అందరూ తిట్టే పద్ధతే. కానీ గొప్ప వక్త, రాజకీయ ఆలోచనాపరుడు ఎడ్మండ్ బర్క్ సంగతి చూడండి. ఐర్లండు వర్తకానికీ, కేథలిక్కులకూ వత్తాసు పలికాడని 1780లో బ్రిస్టల్ ఓటర్లు ఆయన్ని వదిలేశారు. మళ్లీ సభలో కూర్చోబెట్టింది మాల్టన్, రాకింగ్‌హామ్ ప్రభువు గుప్పిట్లో ఉన్న చిన్న బరో. తర్వాత ప్రధాని అయిన పెద్ద పిట్ 1735లో, జనం లేని ఓల్డ్ సేరం బరో నుంచి వచ్చాడు. తర్వాత ప్రతిపక్ష నేతగా పేరుపొందిన ఫాక్స్ పందొమ్మిదేళ్లకే మిడ్‌హర్స్ట్ నుంచి వచ్చాడు. 1832 సంస్కరణ చట్టంతో ఆ దారి మూసేయడం వల్ల నష్టం లేదంటే నేనొప్పుకోను.

పల్నాడు పిల్లోడు:
ఆ ఓల్డ్ సేరం కొన్నది మన కొల్లూరు వజ్రం డబ్బుతోనే కదండీ?

కృష్ణ ఒడ్డు:
కాదు తమ్ముడూ, ఈ మాట చాలామంది అంటారు. పెద్ద పిట్ తాత థామస్ పిట్ ఓల్డ్ సేరాన్ని 1691లోనే, ఇండియా వర్తకంలో గడించిన డబ్బుతో కొన్నాడు. మద్రాసు గవర్నరుగా వచ్చింది 1698లో. కొల్లూరు గనిదని చెప్పే ఆ వజ్రం చేతికొచ్చింది ఆ తర్వాతే, దాన్ని ఫ్రాన్సు వాళ్లకి అమ్మింది 1717లో. అయితే నీ అనుమానానికి మూలం ఉంది. ఇక్కడి సొమ్ము అక్కడ సీటయింది, అది నిజం.

పాతసంచిక గారూ, బర్క్‌కి తెరిచిన తలుపే పాల్ బెన్‌ఫీల్డ్‌కీ తెరుచుకుంది. ఆర్కాటు నవాబుకి విపరీతమైన వడ్డీలకి అప్పులిచ్చినవాడు బెన్‌ఫీల్డ్. ఆ అప్పులు తీరాల్సింది రైతు కట్టే శిస్తులోంచి. మన నెల్లూరు సీమ కూడా అప్పట్లో ఆ నవాబు ఏలుబడిలోదే. బెన్‌ఫీల్డ్ పార్లమెంటులో ఎనిమిది మందిని నిలబెట్టాడని 1785లో సభలో నిలదీసింది ఎవరు? మీ బర్కే, మాల్టన్ సీట్లోంచి. నెల్లూరు రైతుకి ఆ సభలో ఒక్క ఓటూ లేదు, అతని శిస్తు మీద కన్నేసినవాడికి ఎనిమిది. నాకు కడుపు మండేది ఇక్కడే.

సర్రేలో గాటన్ అని ఒక బరో ఉండేది. అక్కడి టౌన్ హాలు ఇప్పటికీ ఉంది. 1765లో దొరగారి తోటలో కట్టిన చిన్న మండపం. నాలుగు పక్కలా స్తంభాలు, మధ్యలో ఒక కలశం, గోడల్లేవు. ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది, కాబట్టి అది చాలు. లక్ష దాటిన మాంచెస్టర్‌కి మాత్రం ఒక్క సీటూ లేదు. 1819లో అక్కడి జనం మైదానంలో చేరి సీట్లడిగితే గుర్రపు దళం కత్తులు దూసింది.

ఇక ప్రతిభ మాట. మెకాలే 1830లో దొర గుప్పిట్లో ఉన్న కాల్న్ అనే బరో నుంచే వచ్చాడు, వచ్చి సంస్కరణ బిల్లుకే మద్దతు పలికాడు. 1832లో సొంత సీట్లు కొత్తగా దక్కిన లీడ్స్ ఓటర్లు ఆయన్నే గెలిపించారు. ఓటరుకి ప్రతిభ కనబడదని ఎలా అంటాం?

పాతసంచిక:
బెన్‌ఫీల్డ్ సంగతి నేను తేలిగ్గా తీసుకున్నాను, నిజమే. కానీ అదే 1832లో తర్వాత ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ న్యూకాసిల్ డ్యూక్ అండతోనే నెవార్క్‌లో గెలిచాడు. దొరల పలుకుబడి పోయిందెక్కడ?

కృష్ణ ఒడ్డు:
పోలేదు. ఆ చట్టంతో 56 బరోలకి సీట్లు పూర్తిగా తీసేశారు, 30కి ఒక్కోటి తగ్గించారు, ఓటు మాత్రం అందరి ముందూ పైకి చెప్పే వేయాలి. పక్కన భూస్వామి గుమాస్తా రాసుకుంటుంటే కౌలుదారు ఎవరి పేరు చెబుతాడు? రహస్య బ్యాలెట్ 1872 దాకా రాలేదు. అందుకే 1832 చట్టం చాలలేదంటాను. ఎక్కువైందని మాత్రం అనలేను.