మేలో అమ్మానాన్న ప్రాగ్ వస్తున్నారు, ఏం చూపించాలి?

అందరికీ నమస్తే అండి. ఉద్యోగం మీద ఈమధ్యే ప్రాగ్ వచ్చాను. ఇంకా సామాన్లు సర్దుకోవడమే పూర్తి కాలేదు, అప్పుడే అమ్మానాన్న మేలో వస్తామంటున్నారు. నాన్నకి చరిత్ర అంటే పిచ్చి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నేనేమో ఆఫీసు, రూము తప్ప ఊరు చూసింది లేదు. ఒక్క రోజులో ఊరంతా చూపిస్తామని టూర్ ప్యాకేజీలు కనిపిస్తున్నాయి, బుక్ చేసేయమంటారా? ఖర్చులకి నాన్న యూరోలు తెస్తానంటున్నారు.

జవాబు:

ప్యాకేజీ వద్దండి. పాత ఊరంతా నడిచి చూసేదే. గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు వెనకాల పరిగెత్తడం మీ అమ్మగారి వల్ల కాదు.

అందరూ చార్లెస్ వంతెన దాటి, కింద నుంచి ప్రాగ్ కోటకి ఎక్కుతారు. మీరు పైనుంచి దిగండి. 22 నంబరు ట్రామ్‌లో కోట స్టాపు దాటి పోహోర్జెలెత్స్ దాకా వెళ్తే, అక్కడి నుంచి దాదాపు అంతా దిగుడే. మోకాళ్ళకి దిగుడు కూడా కష్టమే అనుకోండి, కాకపోతే దారిలో కూర్చోడానికి బెంచీలుంటాయి. వీధులన్నీ రాళ్ళ పరుపు కాబట్టి చీర మీదకైనా సరే స్పోర్ట్స్ షూ వేయించండి. మొదట్లో మొహమాటపడతారు, సాయంత్రానికి ఆవిడే మిమ్మల్ని మెచ్చుకుంటారు.

కోట ఆవరణలో తిరగడానికి టికెట్ అక్కర్లేదు, లోపలి భవనాలకే కావాలి. సెయింట్ వైటస్ కేథడ్రల్ 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేశారు. మనమేమో ఫ్లైఓవర్ రెండేళ్ళు లేటయితే తిట్టుకుంటాం. అందరూ అక్కడ ఫోటోలు దిగి, కోటలోనే ఉన్న గోల్డెన్ లేన్ అనే చిన్న వీధికి పోతారు. మీ నాన్నగారిని మాత్రం ముందు పాత రాజభవనంలోకి తీసుకెళ్ళండి. అందులో ఉన్న వ్లాదిస్లావ్ హాల్లో వానాకాలం, చలికాలం అని లేకుండా గుర్రాల మీద పోటీలు పెట్టుకునేవాళ్ళు. గుర్రాలు ఎక్కి రావడానికి కట్టిన వెడల్పాటి మెట్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆ హాలు పక్క గదుల్లోనే ఒక కిటికీ ఉంది. 1618 మే 23న ప్రొటెస్టెంట్ ప్రభువులు కోపం పట్టలేక, చక్రవర్తి తరఫున పెత్తనం చేస్తున్న ఇద్దరు అధికారుల్ని, వాళ్ళ గుమస్తాని ఆ కిటికీలోంచి కిందకి తోసేశారు. అంత ఎత్తు నుంచి పడ్డా ముగ్గురూ బతికారు. మేరీమాత కాపాడిందని కేథలిక్కులు, పెంటకుప్ప మీద పడ్డారు కాబట్టి బతికారని అవతలి వాళ్ళు చెప్పుకున్నారు. యూరప్‌ని అల్లకల్లోలం చేసిన ముప్పై ఏళ్ళ యుద్ధం రాజుకుంది అక్కడే. కిటికీలోంచి ఒకసారి కిందకి చూడమనండి.

ఇక ఆ కథ పట్టుకుని దిగండి. నెరుదోవా వీధి మీదుగా చార్లెస్ వంతెన. దీనికి 1357లో పునాది వేశారు, మీద ముప్పై విగ్రహాలు. ఎడమ చేతి వైపు తల చుట్టూ అయిదు నక్షత్రాలున్న ఆయన నెపోముక్ అనే క్రైస్తవ మతగురువు. 1393లో రాజు ఆజ్ఞ మీద ఆయన్ని నదిలోకి తోసేశారు. (ఈ ఊళ్ళో మనుషుల్ని తోసేయడం కాస్త ఎక్కువే.) విగ్రహం కింద కంచు పలకలు మిగతాచోట్ల నల్లగా, జనం తాకే చోట మాత్రం బంగారంలా ఉంటాయి. మీ అమ్మగారు ఎవరూ చెప్పకుండానే తాకి దణ్ణం పెట్టేస్తారు, చూడండి.

వంతెన చివర పాత ఊరి వైపు బురుజు దగ్గర ఆగండి. కిటికీ దగ్గర మొదలైన ఆ తిరుగుబాటు చేసినవాళ్ళు 1620లో ఓడిపోయారు. మరుసటి ఏడు జూన్ 21న 27 మందికి పాత ఊరి చౌకులో మరణశిక్ష వేసి, వాళ్ళలో పన్నెండుమంది తలల్ని ఈ బురుజుకే వేలాడదీశారు. దాదాపు అన్నీ పదేళ్ళు అలాగే ఉన్నాయి. చౌకులో ఖగోళ గడియారం కింద గంటకోసారి జనం మూగుతారు. 1410 నాటిది. అస్థిపంజరం గంట కొట్టడం, అపొస్తలుల (ఏసు శిష్యుల) బొమ్మలు తిరగడం చూస్తుండగానే అయిపోతుంది, మీరు పర్సు చూసుకుంటూ ఉండండి. తర్వాత మూల తిరిగి నేల చూడండి. రాళ్ళలో పొదిగిన 27 తెల్ల శిలువలు ఉంటాయి. వాటి మీద నిలబడి ఐస్‌క్రీమ్ తినేవాళ్ళకి ఆ సంగతే తెలియదు. అక్కడి టౌన్ హాల్ టవర్‌కి లిఫ్ట్ ఉంది, అమ్మగారికి టెన్షన్ లేదు.

ఇంకొకటి. ఎండాకాలంలో మనకీ ఇండియాకీ మూడున్నర గంటల తేడా. వచ్చిన కొత్తలో వాళ్ళకి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. పడుకోమని పోరకుండా టీ ఇచ్చి మళ్ళీ వంతెన మీదకి తీసుకెళ్ళండి. మధ్యాహ్నం భుజాలు రాసుకుంటూ నడిచిన చోట ఆ వేళకి ఒకరిద్దరు తప్ప ఉండరు.

ఇంకో జవాబు:

అక్క చెప్పిందంతా కరెక్ట్. డబ్బుల సంగతి నేను చెప్తా. తమ్ముడూ, ఇక్కడ నడిచేది కొరునా. యూరో తీసుకునే షాపులు ఉన్నా, రేటు వాళ్ళిష్టం. బ్యాంకు ఏటీఎంలో తీసుకో. "మీ దేశం కరెన్సీలోకి మార్చమంటారా" అని స్క్రీన్ మీద అడిగితే వద్దను. ఎక్స్‌ఛేంజ్ కౌంటర్‌లో మోసపోయినట్టు అనిపిస్తే, వెయ్యి యూరోల లోపు అయితే మూడు గంటల్లో రసీదు పట్టుకెళ్ళి రద్దు చేసుకోవచ్చు. 2019 నుంచి అలా చట్టం ఉంది.

ట్రామ్‌కి, మెట్రోకి కాగితం టికెట్ కొంటే పసుపు పెట్టెలో స్టాంపు కొట్టించడం మర్చిపోకండి. చెకింగ్ వాళ్ళు మామూలు బట్టల్లో ఉంటారు. నామ్యెస్తీ మీరు మెట్రో స్టేషన్లో ఎస్కలేటర్ పొడవు 87 మీటర్లు, స్పీడు కూడా ఎక్కువే. అమ్మగారిని లిఫ్ట్ ఎక్కించు.

తిండికి పనిదినాల్లో మధ్యాహ్నం పోలెద్నీ మెనూ (మధ్యాహ్న భోజనం మెనూ) చవక. శాకాహారులైతే వేయించిన చీజు, వెల్లుల్లి వేసిన బంగాళాదుంప అట్లు దొరుకుతాయి. సూపు మాత్రం అడిగి తాగండి, మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. ట్ర్‌దెల్నీక్ ఇక్కడి సంప్రదాయ పిండివంట అని బోర్డులుంటాయి, అది టూరిస్టుల కోసం వచ్చిందే. తినండి, బాగానే ఉంటుంది.

అడిగినవారు:

చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. నాకు ఖాళీ శని, ఆదివారాలే. యూదుల పేట కూడా చూపించాలని ఉంది. ఏది ఏ రోజు పెట్టుకోను?

జవాబు:

శనివారం కోట, ఆదివారం యోసెఫోవ్, అదే మీరడిగిన యూదుల పేట. తిరగేస్తే రెండూ చెడతాయి. యూదు మ్యూజియం శనివారం మూసేస్తారు. ఆదివారం పొద్దున కేథడ్రల్లో ప్రార్థనలు, మధ్యాహ్నం దాకా మనల్ని రానివ్వరు.

అక్కడి పింకస్ సినగాగ్‌లో (యూదుల ప్రార్థనా మందిరం) గోడల నిండా పేర్లే, నాజీలు చంపిన దాదాపు 78 వేల మందివి. చదువుతూ నడిస్తే అడుగు ముందుకు పడదు. అది చూశాక వేరే మ్యూజియం పెట్టుకోకండి. మెట్రో సీ లైన్‌లో విషెహ్రద్ అనే పాత కోటకి వెళ్ళిపోండి, లోపల తిరగడానికి టికెట్ అక్కర్లేదు, నది పైన చెట్ల కింద కూర్చోవచ్చు. అక్కడి శ్మశానంలో సంగీతకర్తలు ద్వోర్జాక్, స్మెతనా ఉన్నారు. 1920లో రాసిన నాటకంతో రోబో అనే మాటని ప్రపంచానికిచ్చిన కారెల్ చాపెక్ కూడా అక్కడే. మీరు సాఫ్ట్‌వేర్ అయితే మీరూ ఒక దణ్ణం పెట్టుకోవచ్చు.

టైము మిగిలితే దెయ్‌విత్సె అనే పేటలో ఠాగూర్ పేరు మీద వీధి ఉంది, థాకురోవా అని. నాన్నగారిని ఆ బోర్డు పక్కన నిలబెట్టి ఫోటో తీయండి.