తెలుగు మాధ్యమం బీఏ నుంచి ఎంఏ ఎకనామిక్స్‌కు: లెక్కలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉత్తరాంధ్ర_పావని
ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీలో బీఏ. రెండూ తెలుగు మాధ్యమంలోనే చదివాను. ఈ ఏడాది ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎకనామిక్స్ సీటు వచ్చింది. డిగ్రీలో క్షీణోపాంత ప్రయోజన సూత్రం (వాడేకొద్దీ అదనపు యూనిట్ ఇచ్చే తృప్తి తగ్గుతుందనేది), ఉదాసీనతా వక్రరేఖలు (సమాన తృప్తినిచ్చే వస్తు సముదాయాల గీతలు) పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఇక్కడ ప్రొఫెసర్ గారు బోర్డు మీద ప్రయోజన ప్రమేయం రాసి, పాక్షిక అవకలనాలు తీసి, లగ్రాంజ్ పద్ధతిలో (ఆదాయం లాంటి పరిమితికి లోబడి గరిష్ఠ ప్రయోజనం కనుక్కునే పద్ధతి) సమతౌల్యం తేల్చేస్తున్నారు. పదో తరగతి తర్వాత నేను లెక్కల పుస్తకం తెరవలేదు. మానేసే ఆలోచన లేదు, ఈ శాస్త్రమంటే నాకు ప్రాణం. ఇదే దారిలో వచ్చినవారు ఏం చదివారో, ఏ వరుసలో చదివారో చెప్పండి.

డిగ్రీ_లెక్చరర్_విశాలాక్షి
అమ్మా పావనీ, మా కళాశాల నుంచి ఎంఏకు వెళ్లిన ప్రతి జట్టులోనూ ఈ బెంగ చూశాను. ముందు ఒక మాట నమ్ము: మొదటి సెమిస్టర్‌కు కావలసిన గణితం నువ్వు ఊహించుకున్నంత లేదు. ఇంటర్ ఎంపీసీ గణితం పుస్తకాలు (1ఏ, 1బీ, 2ఏ) తెలుగు మాధ్యమంవి తెచ్చుకో. 1బీలో అవధులు, అవకలనం, వాటి అనువర్తనాలు చదువు. 1ఏలో మాత్రికలు, 2ఏలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు చాలు. త్రికోణమితి, శాంకవాలు ఇప్పుడు ముట్టుకోవద్దు.

ఒక ఉదాహరణ చేసి చూపిస్తాను. మొత్తం వ్యయం = 100 + 5క్యూ + క్యూ² అనుకో, క్యూ అంటే ఉత్పత్తి యూనిట్లు. 10 యూనిట్లకు వ్యయం 250, 11 యూనిట్లకు 276. డిగ్రీలో మనం చెప్పుకున్న ప్రకారం పదకొండో యూనిట్ ఉపాంత వ్యయం, అంటే ఆ ఒక్క యూనిట్‌కు అదనంగా అయ్యే ఖర్చు, 26. ఇప్పుడు అవకలనం తీస్తే 5 + 2క్యూ వస్తుంది. క్యూ 10 అయితే అది 25. ఈ ఒక్క రూపాయి తేడా ఎందుకొచ్చిందని నువ్వు అడగాలి. ఉత్పత్తిని ఒక యూనిట్ కాకుండా యూనిట్‌లో పదో వంతు పెంచి చూడు: 10.1 దగ్గర వ్యయం 252.51. పెరిగింది 2.51, అంటే యూనిట్‌కు 25.1. అడుగు చిన్నదయ్యేకొద్దీ విలువ 25కు దగ్గరవుతుంది. అవకలనం అంటే అదే. ఇలా అంకెలు వేసి చూడకుండా సూత్రాలు బట్టీ పడితే రెండో సెమిస్టర్‌లో మళ్లీ ఇక్కడికే వస్తావు.

లగ్రాంజ్ గురించి కూడా చెబుతాను, ఎందుకంటే అది నీకు కొత్తది కాదు. ప్రయోజనం = ఎక్స్ × వై, ధరలు 2, 4 రూపాయలు, ఆదాయం 80 రూపాయలు. సమాధానం ఎక్స్ 20, వై 10, మొత్తం ప్రయోజనం 200. ఎక్స్ ఉపాంత ప్రయోజనం 10, దాన్ని ధర 2తో భాగిస్తే 5. వై ఉపాంత ప్రయోజనం 20, ధర 4తో భాగిస్తే అదీ 5. రెండు వస్తువుల మీదా చివరి రూపాయి సమాన ప్రయోజనం ఇస్తోంది. బీఏ మొదటి ఏడాదిలో నువ్వు రాసిన సమోపాంత ప్రయోజన సూత్రం ఇదే కదా! మీ ప్రొఫెసర్ గారు బోర్డు మీద రాసే లామ్డా విలువే ఆ 5. ఆదాయం 81 రూపాయలు చేసి మళ్లీ లెక్కించు, మొత్తం ప్రయోజనం దాదాపు 205 అవుతుంది. ఆదాయం ఒక రూపాయి పెరిగితే ప్రయోజనం ఎంత పెరుగుతుందో లామ్డా చెబుతోంది.

ఇంజినీరింగ్_నుంచి_ఇటు
మేడం గారు చెప్పినదానికి మరో వైపు చెబుతాను. నేను బీటెక్ చేసి ఎకనామిక్స్‌కు వచ్చాను. అవకలనాలు నాకు కష్టం కాలేదు, కానీ జవాబు వచ్చాక దాని అర్థం ఏమిటని అడిగితే నోరు పెగిలేది కాదు. పంట ధరలు ఏటా ఎందుకు ఎగుడుదిగుడవుతాయో చెప్పే సాలెగూడు నమూనా సమీకరణాలు ఐదు నిమిషాల్లో సాధించాను. దాన్ని మదనపల్లె టమాటాతో కలిపి చెప్పింది మాత్రం మా తరగతిలో బీఏ చదివి వచ్చిన మిత్రుడు. నిరుడు ధర బాగుందని ఈ ఏడు అందరూ వేస్తారు, దిగుబడి ముంచెత్తి ధర పడిపోతుంది, మరుసటి ఏడు సాగు తగ్గి ధర మళ్లీ ఎగబాకుతుంది. కౌలు, వడ్డీ, మార్కెట్ యార్డు సంగతులు అతనికి తెలుసు. మేమిద్దరం కలిసి చదివాం: అతను నాకు సందర్భం చెప్పేవాడు, నేను అతనికి లెక్క చెప్పేవాడిని. పావని గారూ, మీ తరగతిలో బోర్డు మీది లెక్కలు చూసి తలూపేవారిలో నాలాంటివారు ఉంటారు, అడిగి చూడండి.

ఐఈఎస్_లక్ష్యం
ఉద్యోగం కోణంలో ఒక్క మాట. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష రాయాలంటే ఎకనామిక్స్‌లో గానీ అనుబంధ విభాగాల్లో గానీ పీజీ ఉండాలి. ఆరు పేపర్లకు 1000 మార్కులు, మౌఖికానికి 200. జవాబులు ఇంగ్లిషులోనే రాయాలి. కాబట్టి తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు రోజూ ఒక ప్రశ్నకు ఇంగ్లిషులో చేత్తో జవాబు రాయడం ఎంఏ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి.

సర్వే_దత్తాంశం
హైదరాబాద్‌లో పరిశోధన సహాయకుడిగా చేస్తున్నాను. ఇక్కడ అందరూ మైక్రో (సూక్ష్మ అర్థశాస్త్రం) గురించే మాట్లాడుతున్నారు. నా దృష్టిలో మన విద్యార్థులు అసలు వెనకబడేది దత్తాంశం (డేటా) దగ్గర. ఎకనోమెట్రిక్స్‌లో (ఆర్థిక విషయాలకు గణాంక పద్ధతులు వాడే విభాగం) ప్రతిగమన (రిగ్రెషన్) సూత్రం నిరూపించగలరు, నిజమైన సర్వే ఫైలు ఇస్తే తెరవలేరు. కేంద్ర గణాంక శాఖ కుటుంబ వినియోగ వ్యయ సర్వే, శ్రామిక శక్తి సర్వేల కుటుంబ స్థాయి దత్తాంశాన్ని ఉచితంగా ఇస్తోంది. దాన్ని విశ్లేషించడానికి వాడే 'ఆర్' అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

నేను జూనియర్లకు ఇచ్చే మొదటి అభ్యాసం ఇది: 2022-23 వినియోగ సర్వే ప్రకారం తలసరి నెల ఖర్చు గ్రామాల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు. ప్రభుత్వం ప్రకటించిన ఈ రెండు అంకెలను ముడి ఫైళ్ల నుంచి మీరే రాబట్టండి. సర్వేలో ఒక్కో కుటుంబం వేరువేరు సంఖ్యలో కుటుంబాలకు ప్రతినిధి. ఆ సంఖ్యలనే భారాలు అంటారు, వాటిని లెక్కలో కలపకుండా సగటు తీస్తే అంకె సరిపోదు. ఎందుకు సరిపోలేదో వెతికేటప్పుడు నమూనా సేకరణ పాఠం మొత్తం అర్థమవుతుంది.

ఇంకొకటి. మన నేల మీద జరిగిన పరిశోధనలు చదవండి, ఉత్సాహం వస్తుంది. హైదరాబాద్ దగ్గరి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు పల్లెల్లో మొదలుపెట్టిన కుటుంబ సర్వేల్లో మహబూబ్‌నగర్ జిల్లా డోకూరు ఒకటి. ఆ దత్తాంశాన్ని ప్రపంచమంతా వాడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ చెల్లింపులకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు, 157 మండలాల్లో ఎక్కడ ముందు, ఎక్కడ తర్వాత అనేది యాదృచ్ఛికంగా నిర్ణయించి ఫలితం కొలిచారు. కూలి త్వరగా చేతికందింది, మధ్యలో కాజేసేది తగ్గింది. కార్తీక్ మురళీధరన్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన ఆ పత్రం ఎంఏ రెండో ఏడాది విద్యార్థికి తప్పకుండా అర్థమవుతుంది. మన ఊరి కూలీల డబ్బు గురించి అంత పకడ్బందీగా ప్రశ్న వేయవచ్చని తెలిశాకే నేను ఈ రంగంలో ఉండిపోయాను.

ఉత్తరాంధ్ర_పావని
అందరికీ నమస్కారాలు. మేడం, మీ ఉదాహరణ కాగితం మీద చేశాను. 81 రూపాయలకు 205.03 వచ్చింది! చాలా సంతోషంగా ఉంది. ఇంకో సందేహం: సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి. 1బీ మొత్తం పూర్తిచేసే సమయం లేదు. ఏది వదిలేయవచ్చు?

డిగ్రీ_లెక్చరర్_విశాలాక్షి
సరళరేఖలో వాలు ఒక్కటి చూసుకో, మిగతా రేఖాగణితం వదిలేయి. అవధుల్లో నిర్వచనం, నాలుగైదు లెక్కలు. అవకలనంలో ఘాత, గుణకార, శృంఖల నియమాలు, లాగరిథమ్, ఎక్స్‌పొనెన్షియల్ తప్పనిసరి. తర్వాత గరిష్ఠ కనిష్ఠాలు. పాక్షిక అవకలనం 1బీలో ఉండదు, దానికి మీ మైక్రో నోట్సే చాలు: ఒక చలరాశిని కదిలించి మిగతావి స్థిరమనుకోవడమే. మాత్రికలు సంక్రాంతి సెలవుల్లో చేయి. లెక్క తేలకపోతే కాగితం ఫొటో తీసి ఇక్కడ పెట్టు, ఆదివారాలు చూస్తాను.