ప్రయోగాత్మక విమానాల ప్రమాద నివేదికల నుంచి నిర్మాతలు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: తొలిరెక్క

మేము కొందరం మిత్రులం కలిసి రెండు సీట్ల ప్రయోగాత్మక విమానాన్ని, అంటే సొంతంగా కట్టుకునేదాన్ని, కిట్ నుంచి నిర్మిస్తున్నాం. రెక్కల పని పూర్తయింది, ఇప్పుడు ఇంధన వ్యవస్థను అమర్చబోతున్నాం. తొలి ఎగురుడుకు ముందు ఇలాంటి విమానాల ప్రమాద నివేదికలను వీలైనన్ని చదవాలని నిర్ణయించుకుని కొంతకాలంగా చదువుతున్నాను. వాటిలో చాలా భాగం "పైలట్ విమానాన్ని అదుపులో ఉంచలేకపోయారు" అన్న వాక్యంతోనే ముగుస్తున్నాయి. ఆ వాక్యం పైలట్‌కు ఏదో చెబుతుంది గాని, చేతిలో రెంచి పట్టుకుని నిలబడిన మాలాంటివారికి ఏం చెబుతుందో అర్థం కావడం లేదు. ఈ నివేదికలను నిర్మించేవారి కళ్లతో ఎలా చదవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు: దిక్సూచి

మీరు ఇంధన వ్యవస్థ దగ్గర ఉన్నారు కాబట్టి, గాయకుడు జాన్ డెన్వర్ మరణించిన ప్రమాదంతో మొదలుపెట్టండి. 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే అఖాతంలో ఆయన నడుపుతున్న లాంగ్-ఈజీ విమానం కూలిపోయింది. ఆ విమానాన్ని ఆయన నిర్మించలేదు. మరొకరు నిర్మించినదాన్ని ఆయన అప్పుడే కొన్నారు. మూల నమూనా ప్రకారం ఏ ట్యాంకు నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే వాల్వు పైలట్‌కు ఎదురుగా, చేతికి అందేచోట ఉండాలి. ఇంధన గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకుండా చూడాలన్న ఉద్దేశంతో నిర్మాత దాన్ని పైలట్ ఎడమ భుజం వెనకాల ఉన్న అడ్డుగోడకు మార్చారు. ఆ పిడి ఏ దిశలో ఉంటే ఏ ట్యాంకో తెలిపే గుర్తులు లేవు. ఇంధన మట్టం చూపే గాజు గొట్టాలు వెనక సీటు పక్కన ఉన్నాయి, వాటి మీదా సరైన గుర్తులు లేవు.

ఒక ట్యాంకు ఖాళీ అయిన క్షణంలో ఆయన ఏం చేయాల్సి వచ్చిందో ఊహించండి. భుజం మీద పట్టీ వదులు చేసుకుని, నడుము తిప్పి, వెనక్కి చేయి చాపాలి. అలా తిరిగినప్పుడు ఒంటిని నిలదొక్కుకోవడానికి కుడి కాలు తనంతట తానే పెడల్ మీద బలంగా ఆనుతుంది, విమానం ముక్కు పక్కకు తిరుగుతుంది. ఇదంతా తక్కువ ఎత్తులో, శక్తి లేని ఇంజిన్‌తో జరగాలి. దర్యాప్తు చేసిన అమెరికా రవాణా భద్రతా మండలి, అంటే ఎన్‌టీఎస్‌బీ, వాల్వును అందని చోట గుర్తులు లేకుండా అమర్చిన నిర్మాత నిర్ణయాన్ని కూడా కారణాల్లో చేర్చింది. మీరు అడిగిన ప్రశ్నకు అందులోనే జవాబు ఉంది. నిర్మాణ సమయంలో మంచి ఉద్దేశంతో చేసిన ఒక మార్పు, మరెవరికో ఏళ్ల తర్వాత కొన్ని సెకన్ల పరీక్షగా మారింది.

జవాబు: రెండో సీటు

దిక్సూచి గారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను, అయితే పైలట్ బాధ్యతను పూర్తిగా పక్కన పెట్టేయకూడదు. అదే నివేదిక ఇంధనం విషయంలో ప్రయాణానికి ముందు సరిగా సిద్ధం కాకపోవడాన్ని, కొత్త విమానానికి తగిన శిక్షణ లేకపోవడాన్ని కూడా కారణాలుగా చూపింది. బయలుదేరే ముందు ఇంధనం నింపమంటారా అని అడిగితే ఆయన వద్దన్నారు. ఆ విమానంతో ఆయనకు అయిన పరిచయం ముందురోజు జరిగిన సుమారు అరగంట ఎగురుడు మాత్రమే.

ఇది ఒక్కరి కథ కాదు కాబట్టే చెబుతున్నాను. ఎన్‌టీఎస్‌బీ 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు సంవత్సరం అమెరికాలో స్వయంగా నిర్మించుకున్న విమానాలకు 224 ప్రమాదాలు జరిగితే, వాటిలో సగానికి పైగా నిర్మాతల నుంచి ఇతరులు కొన్న విమానాలే. ప్రమాద కారణాల్లో ఇంజిన్ శక్తి కోల్పోవడం, గాలిలో అదుపు తప్పడం అన్నింటికంటే ముందున్నాయి. రేపు మీ విమానాన్ని ఎవరికైనా అమ్మితే, మీరు గీసిన గొట్టాల పటం, మీరు కొలిచిన వేగాలు, మీరు చేసిన ప్రతి మార్పు ఆ కొన్నవారి చేతికి అందాలి.

ఇంధన వ్యవస్థ గురించి నేను పట్టుబట్టే పరీక్ష ఒకటుంది. విమానం తోకను దించి, వీలైనంత ఏటవాలుగా పైకి ఎక్కుతున్నప్పుడు ముక్కు ఎంత లేస్తుందో అంత లేపి నిలపండి. ట్యాంకులో కొద్దిపాటి ఇంధనమే ఉంచి, ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే కార్బురేటర్‌కు చేరే గొట్టాన్ని విప్పి, కొలతపాత్రలోకి ఒక నిమిషం పాటు పారనివ్వండి. భూమ్యాకర్షణతో పారే వ్యవస్థ అయితే టేకాఫ్ సమయంలో ఇంజిన్‌కు కావలసినదానికి 150 శాతం, పంపుతో పారేది అయితే 125 శాతం రావాలి. మీ ఇంజిన్ పూర్తి శక్తితో గంటకు 30 లీటర్లు వాడుతుందనుకుంటే, పంపు లేని వ్యవస్థలో పాత్రలోకి నిమిషానికి 750 మిల్లీలీటర్లు చేరాలి. తక్కువ వస్తే గొట్టం మెలికనో, వడపోతనో, గాలి వెళ్లే రంధ్రాన్నో అనుమానించాలి. నేల మీద సమతలంగా నిలబెట్టి చేసిన పరీక్షలో నెగ్గిన వ్యవస్థ, ముక్కు లేచేసరికి ఇంజిన్‌ను ఎండబెట్టవచ్చు.

జవాబు: గాలివాటు

పెద్ద సంస్థల ప్రయోగ విమానాలను కూడా వదలకుండా చదవండి, ఎందుకంటే అక్కడ ప్రతిదీ రికార్డవుతుంది గనుక తప్పు ఎక్కడ పుట్టిందో స్పష్టంగా కనిపిస్తుంది. 1935 అక్టోబరు 30న అమెరికాలోని రైట్ ఫీల్డు విమానక్షేత్రంలో కూలిన బాంబర్ నమూనా బోయింగ్ మోడల్ 299లో, గాలికి కదలకుండా తోక భాగాలను బిగించి ఉంచే లాకును ఎవరూ తీయలేదు. నడిపినవారు ఎంతో అనుభవం ఉన్న పరీక్షా పైలట్లే. ఆ తర్వాతే, గుర్తుంచుకోవడాన్ని నమ్ముకోకుండా చదివి సరిచూసుకునే చెక్‌లిస్ట్ అలవాటుగా స్థిరపడింది.

1995 జనవరి 19న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం సమీపంలో కూలిన పరిశోధక జెట్ విమానం ఎక్స్-31 నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. గాలి వేగాన్ని కొలిచే పిటో గొట్టం స్థానంలో, వేడిచేసే ఏర్పాటు లేని మరో రకాన్ని బిగించారు. మంచు పట్టే అవకాశం గమనించిన పైలట్ హీటర్ స్విచ్ వేశారు, కాని ఆ స్విచ్ దేనికీ కలిపి లేదు. మంచు గడ్డకట్టి, కంప్యూటర్లకు తప్పుడు వేగం చేరి, విమానం అదుపు తప్పింది. పైలట్ పారాచూట్‌తో బయటపడ్డారు. ఆ హీటర్ పనిచేయదన్న విషయం నేల మీద తెలిసినవారు ఉన్నా, అది పైలట్‌కు సకాలంలో చేరలేదు. మీ కాక్‌పిట్‌లో పనిచేయని స్విచ్ ఒకటైనా ఉంటే, దాన్ని తీసివేయండి, లేదా కప్పేయండి.

2014 అక్టోబరు 31న స్పేస్‌షిప్‌టూ అనే రాకెట్ విమానం గాలిలో విరిగిపోయినప్పుడు, సహపైలట్ తోకను మడిచే వ్యవస్థ లాకును మాక్ 1.4 (ధ్వని వేగానికి 1.4 రెట్లు) దాటాక తీయాల్సి ఉండగా మాక్ 0.8 దగ్గరే తీశారు. ఒక మనిషి చేసే ఒకే ఒక్క తప్పు ఇంతటి విపత్తుకు దారితీయగలదని నిర్మాణ సంస్థ ముందుగా ఊహించి, రక్షణ ఏర్పాటు చేయలేదని ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

2009 మార్చి 6న బెంగళూరు సమీపంలో బిడది దగ్గర కూలిన, మన దేశంలో రూపొందించిన చిన్న ప్రయాణికుల విమానం సరస్ నమూనా కూడా ఈ వరుసలోదే. ఇంజిన్‌ను గాలిలో ఆపి తిరిగి వెలిగించే పరీక్షలో, రూపకర్తలు నిర్దేశించిన విధానమే సరిగా లేదని, ఎత్తు కూడా చాలలేదని విచారణ తేల్చింది. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. పరీక్షా విధానాన్ని రాసే చేతిలో ఎంత బరువు ఉంటుందో ఆ నివేదిక చదివితే తెలుస్తుంది.

ప్రశ్న కొనసాగింపు: తొలిరెక్క

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. మా వాల్వును సీటు పక్కకు మారుస్తామని మా మిత్రుడొకరు అంటున్నాడు, ఇప్పుడు నేను నమూనాలో ఉన్నచోటే ఉంచాలని పట్టుబడతాను. ఇంకొక సందేహం ఉంది. తొలి ఎగురుడులో మీటర్లు చూసి చెప్పడానికి రెండో వ్యక్తిని వెంట తీసుకెళ్లడం మంచిదా?

జవాబు: రెండో సీటు

కేవలం మీటర్లు చదవడానికైతే వద్దు. అక్కర్లేని ప్రాణాన్ని ప్రమాదంలో పెట్టకూడదన్న ఆలోచనతోనే తొలి పరీక్షా దశలో, అంటే సాధారణంగా మొదటి 40 గంటల్లో, లేదా ధ్రువీకరించిన ఇంజిన్, ప్రొపెల్లర్ జోడీ ఉంటే 25 గంటల్లో, అమెరికా నిబంధనలు ప్రయాణికులను అనుమతించవు. అదే రకం విమానంలో తగిన అనుభవం ఉన్న రెండో పైలట్ విషయం వేరు; 2014లో అమెరికా విమానయాన శాఖ అందుకు షరతులతో ఒక మార్గం తెరిచింది. మీ దేశపు నిబంధనలు ఏమంటాయో ముందు చూసుకోండి. అంతకంటే ముందు, అదే నమూనా ఉన్న మరొకరి విమానంలో శిక్షకుడితో కలిసి ఎగరండి, తక్కువ వేగంలో దాని ప్రవర్తన మీ చేతులకు అలవాటయ్యేదాకా. మీటర్ల సంగతికి ఒక చిన్న కెమెరాను ప్యానెల్ ఎదురుగా బిగిస్తే చాలు. దిగాక మీరంతా కూర్చుని ఎన్నిసార్లయినా చూసుకోవచ్చు.