అప్‌డేట్: ఎనిమిది వేలతో ఫోర్ట్ కొచ్చి వెళ్ళొచ్చాం

మా ఆవిడా నేనూ ఇద్దరం కలిసి ఎనిమిది వేల లోపు కేరళలోని ఫోర్ట్ కొచ్చి చూసి రాగలమా అని పోయిన నెల ఇక్కడ మిమ్మల్ని అడిగాను. వెళ్ళొచ్చాం, ఇంకా ఆరు వందలు మిగిలాయి.

సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్. కొచ్చిలో ఒక పెద్దావిడ ఇంట్లో గది, రోజుకు తొమ్మిది వందలు. ఎర్నాకులం జెట్టీ నుంచి టాక్సీ వద్దు, సర్కారు పడవ ఎక్కమని మీరు చెప్పిందే మమ్మల్ని కాపాడింది. టికెట్ పది రూపాయలు కూడా కాలేదు, గాలి మాత్రం ఫ్రీ!

చీనా వలల దగ్గరే రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. తాళ్ళకు కట్టిన బండరాళ్ళు కిందికి దిగుతుంటే అంత పెద్ద వల నీళ్ళు కారుస్తూ పైకి లేస్తుంది. అందులో పడింది గుప్పెడు చేపలు, వాటి కోసం పది కాకులు.

సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కోడగామాను 1524లో పాతిపెట్టిన చోటు చూశాం. అస్థికలు తర్వాత లిస్బన్ తీసుకెళ్ళిపోయారట. మట్టాంచేరి ప్యాలెస్ గోడల మీద రామాయణం బొమ్మలు చూస్తే మా ఆవిడ కదల్లేదు.

ఒక్క పొరపాటు నాదే. 1568 నాటి యూదుల ప్రార్థనాలయానికి శనివారం వెళ్ళాను, మూసి ఉంది. ప్యాలెస్‌కేమో శుక్రవారం సెలవు. వెళ్ళేవాళ్ళు ఈ రెండు రోజులూ చూసుకుని టికెట్లు బుక్ చేసుకోండి.